తగినవారు దొరకలేదు

మన దేశంలో సైన్సు ఎదగలేదని వాపోయేవాళ్ళకు ఒక శుభవార్త. ఒక ల్యాబులో వచ్చిన ఫలితం ఇంకో ల్యాబులో రావడం లేదని ఇవాళ ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు జుట్టు పీక్కుంటున్నారు. మనస్తత్వశాస్త్రంలో రావడం లేదట, క్యాన్సర్ పరిశోధనలో రావడం లేదట. మనకా బెంగ లేదు. ఖరగ్‌పూర్‌లో చేసినా, కాన్పూర్‌లో చేసినా, పవాయి చెరువు గట్టున చేసినా, గిండీ జింకల మధ్య చేసినా, ఎండల్లో చేసినా వానల్లో చేసినా పొల్లుపోకుండా ఒకే ఫలితమిచ్చే ప్రయోగం మన దగ్గరుంది. దాని పేరు ఫ్యాకల్టీ సెలక్షన్ కమిటీ. ఖర్చు కూడా తక్కువే. ఒక పొడుగాటి బల్ల, చుట్టూ కుర్చీలు, జీడిపప్పు ప్లేట్లు, నీళ్ళ సీసాలు. రిజర్వుడు పోస్టుకు దరఖాస్తు పెట్టినవాళ్ళను ఒక్కొక్కరినే లోపలికి పంపాలి. సాయంత్రానికి బల్ల మీద ఒక కాగితం తేలుతుంది: 'తగినవారు దొరకలేదు'. ఆఫీసు భాషలో ఎన్‌ఎఫ్‌ఎస్, అంటే నాట్ ఫౌండ్ సూటబుల్. వెతికారు పాపం. బల్ల కింద కూడా చూసే ఉంటారు.

ఎంత శ్రద్ధగా వెతికారో లెక్కలే చెబుతాయి. 2019 నాటికి దేశంలోని 23 ఐఐటీల్లో పనిచేస్తున్న అధ్యాపకులు 6,043 మంది అని కేంద్ర మానవ వనరుల శాఖ లెక్క. అందులో ఎస్సీలు 149. ఎస్టీలు 21. దేశ జనాభాలో ప్రతి నలుగురిలో ఒకరు ఈ రెండు వర్గాలవారే. ఐఐటీ పాఠాల గదుల్లో బోర్డు ముందు నిలబడేవాళ్ళలో మాత్రం నూటికి ముగ్గురు కూడా కారు. ఆ ఇరవై ఒక్కమంది ఆదివాసీలను ఐఐటీకొకరు చొప్పున సర్దుదామన్నా రెండు ఐఐటీలకు చాలరు. ఆ రెండూ ఏవో తేల్చడానికి మళ్ళీ ఒక జాతీయ ప్రవేశ పరీక్ష పెట్టాలి.

2023 జనవరిలో 'నేచర్' పత్రిక ఇంకాస్త దగ్గరికి వెళ్ళి చూసింది. ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, కాన్పూర్, ఖరగ్‌పూర్ అనే అయిదు పెద్ద ఐఐటీల్లో ఫుల్ ప్రొఫెసర్లలో 98 శాతం మంది రిజర్వేషన్ అక్కర్లేని కులాల వాళ్ళేనని తేల్చింది. నగల షాపులో 916 అని ముద్ర కొట్టిస్తే, అది 91.6 శాతం మేలిమి అని మనం మురిసిపోయి తెచ్చుకుంటాం. దేశపు అత్యున్నత విద్యాసంస్థలు ఆ ముద్రను ఎప్పుడో దాటేశాయి. ఇంత మేలిమి సాధించిన సంస్థలకు ఇంకా నోబెల్ బహుమతులు ఎందుకు రాలేదన్నది వేరే ప్రశ్న. దాన్ని తర్వాత చూద్దాం.

ముందు ఆ గదిలోకి తొంగి చూద్దాం. ఏ ఐఐటీ అని అడక్కండి. అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందని నేననను. కానీ వేరేగా జరిగితే పైలెక్క రాదు కదా!

"మీ పూర్తి పేరు?"

దరఖాస్తు మీద ఉంది. అయినా అడుగుతారు. చెప్పాడు.

"ఇంటిపేరు మొదట్లో ఉన్నదా, చివర ఉన్నదా? మీ తెలుగువాళ్ళతో ఇదో చిక్కు. ఊరేది?"

"ప్రకాశం జిల్లాలో చిన్న పల్లె సార్."

"నాన్నగారు?"

"వ్యవసాయ కూలీ సార్."

"వెరీ గుడ్, వెరీ గుడ్."

ఈ 'వెరీ గుడ్' వినిపించిందంటే ఇంటర్వ్యూ అయిపోయినట్టే. తర్వాత అడిగేవన్నీ లాంఛనం. పీహెచ్‌డీ ఎక్కడ, గైడు ఎవరు, ఆ గైడుకు గైడు ఎవరు, పోస్ట్‌డాక్ ఏ దేశంలో. అసలైన అభ్యర్థి ఎలా ఉంటాడో ఈ గదికి తెలుసు. అతను రాగానే చెవులు పట్టుకోకుండానే ప్రవర చెప్పేస్తాడు: ఫలానా ఐఐటీలో బీటెక్, ఫలానా అమెరికా యూనివర్సిటీలో పీహెచ్‌డీ, ఫలానా వారి శిష్యుణ్ణి, ఆ ఫలానా వారు ఇంకో ఫలానా వారి శిష్యులు... అభివాదయే. మూడు తరాల ఋషుల పేర్లు వినగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు వికసిస్తాయి. అందులో ఒకాయన ఆ రెండో ఋషితో కలిసి హాస్టల్ మెస్సులో తిన్నవాడు. ఇక ప్రశ్నలు దేనికి? కాఫీ తెప్పిస్తారు.

అదే గదిలోకి ఒక అమ్మాయి వచ్చిందనుకోండి, ప్రశ్నపత్రం మారుతుంది. "పెళ్ళయిందా అమ్మా?" కాలేదంటే, రేపు అవుతుంది, భర్త ఏ బెంగళూరుకో తీసుకుపోతాడు. అయిందంటే, "మీవారెక్కడ?" ఆయన వేరే ఊళ్ళో ఉంటే ఈమె నిలవదు. ఇదే ఊళ్ళో ఉంటే ఆయనకూ ఉద్యోగం అడుగుతుందని భయం. పిల్లలు లేరంటే త్వరలో సెలవు పెడుతుంది. ఉన్నారంటే ఇప్పటికే సగం సెలవులో ఉన్నట్టు. పిల్లలు పెద్దవాళ్ళయి తీరిక దొరికిందంటే, ప్రకటనలో రాసిన వయసు గీత దాటిపోయింది. స్త్రీ ఈ ఉద్యోగానికి తగి ఉండే వయసు ఒకటి తప్పకుండా ఉంది. బహుశా పుట్టక ముందు. ఆ పక్క కుర్చీలో కూర్చుని వెళ్ళిన మగ అభ్యర్థికి ఇద్దరు పిల్లలు; పొద్దున వాళ్ళకు జడలెవరు వేస్తారని ఎవరూ అడగలేదు.

ఈ మాట బయటికి వస్తే పెద్దలు ఒప్పుకోరు. వాళ్ళ దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది: పైప్‌లైన్. "మేము తీసుకోవడానికి సిద్ధమేనండీ, పైపులో నీళ్ళు రావట్లేదు. ఎస్సీ, ఎస్టీల్లో పీహెచ్‌డీ చేసినవాళ్ళు ఉంటే కదా!" నిజమే. 2015 నుంచి 2019 దాకా ఐఐటీల పీహెచ్‌డీ ప్రవేశాల్లో ఎస్సీలకు దక్కింది 9.1 శాతం, ఎస్టీలకు 2.1 శాతం. చట్టం చెప్పింది 15, 7.5. అంటే నీళ్ళు తక్కువే. కానీ ఈ పీహెచ్‌డీ సీట్లకు ఇంటర్వ్యూ చేసిందెవరు? పక్క గదిలో, ఇలాంటి బల్ల చుట్టూనే కూర్చున్న ఇదే ప్రొఫెసర్లు. పొద్దున పీహెచ్‌డీ గదిలో వాల్వు బిగించి, సాయంత్రం ఫ్యాకల్టీ గదిలో కుళాయి విప్పి, అయ్యో చుక్క రాలేదే అని నిట్టూర్చే ఈ ఇంజనీర్లకు హైడ్రాలిక్స్ ఎవరు చెప్పారో గానీ బాగా చెప్పారు.

ఆ పైపులో ఉన్నవాళ్ళ సంగతి కూడా ఒక మాట. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల, కార్ల్ సేగన్‌లా సైన్సు రచయిత కావాలనుకున్నాడు. అతనికి రావలసిన ఫెలోషిప్పు నెలల తరబడి ఆగిపోయి ఉంది. దాని మీద వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు. ముందుకు పోదాం.

ఇక ప్రతిభ చరిత్ర. ఖరగ్‌పూర్‌లో మొదటి ఐఐటీ పెట్టింది 1951లో. అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్ పాటించమని కేంద్రం ఐఐటీలకు ఉత్తర్వు పంపింది 2008లో. అది కూడా సైన్సు, ఇంజనీరింగ్ విభాగాల్లో అన్నిటికన్నా కింది మెట్టు దగ్గరే. పై మెట్లు ఎక్కాక ఆ ఊసు లేదు. అయినా గగ్గోలు రేగింది. ప్రమాణాలు మంట కలిసిపోతాయన్నారు. సరే, ఆ ప్రమాణాలనే చూద్దాం. 1951 నుంచి 2008 వరకు 57 ఏళ్ళు ఐఐటీల ప్రయోగశాలలను కల్తీ లేని ప్రతిభే ఏలింది. అధ్యాపకుల కుర్చీలకు కోటా గాలి సోకలేదు. ఆ 57 ఏళ్ళలో అక్కడ జరిగిన పరిశోధనకు ఒక్క నోబెల్ రాలేదు. పాపం, దానికి రిజర్వేషన్లే కారణమని చెప్పుకునే వెసులుబాటు కూడా లేకపోయింది. 2008 ఉత్తర్వు వచ్చాకే వాళ్ళకా సౌకర్యం దొరికింది.

2019లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్ ఖాయం చేసే చట్టం అది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో చివర ఒక చిన్న జాబితా తగిలించారు. 'అత్యున్నత ప్రమాణాలు' గల సంస్థలకు మినహాయింపు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్, ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వంటివి అందులో ఉన్నాయి. అణువు లోపలికి చూడాలన్నా, విశ్వకిరణాల జాడ తీయాలన్నా వెనుక మూడు తరాల చదువు ఉండాలని పార్లమెంటుకు అనిపించి ఉంటుంది. ప్రోటానుకు కులం లేదు గానీ దాన్ని కొలిచేవాడికి ఉండాలి మరి.

ఆ జాబితాలో ఐఐటీల పేర్లు లేవు. పెళ్ళి శుభలేఖలో పేరు పడని బాబాయిలా వాళ్ళు ముఖం మాడ్చుకున్నారు. ఇక్కడ మన తెలుగువాళ్ళకు గర్వకారణమైన ఘట్టం వస్తుంది. 2020 ఏప్రిల్‌లో కేంద్రం ఒక కమిటీ వేసింది. అధ్యక్షులు అప్పటి ఐఐటీ ఢిల్లీ డైరెక్టర్ వి. రాంగోపాల్ రావు గారు, మన పాలమూరు కొల్లాపూర్ నుంచి వెళ్ళినవారే. ఆ కమిటీకి అప్పగించిన పని ఏమిటి? ఐఐటీల్లో విద్యార్థుల ప్రవేశాల్లోనూ అధ్యాపక నియామకాల్లోనూ రిజర్వేషన్లు సమర్థంగా అమలు చేయడానికి మార్గాలు చెప్పమని. కమిటీ తలలు బద్దలు కొట్టుకుని నివేదిక ఇచ్చింది. అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్లను సమర్థంగా అమలు చేసే మార్గాల్లో మొదటిది: ఐఐటీలను ఆ మినహాయింపు జాబితాలో చేర్చి, అమలు చేయకుండా ఉండటం! అది కుదరకపోతే కింది మెట్టు దగ్గరే ఆపండి, దొరకని పోస్టులను మామూలు పోస్టులుగా మార్చుకోనివ్వండి అని కూడా సెలవిచ్చింది. ఇంటి పైకప్పు కారుతోంది, బాగు చేసే ఉపాయం చెప్పమని మేస్త్రీని పిలిస్తే, వానను రద్దు చేయమని అర్జీ రాసిచ్చి వెళ్ళాడు. సమాచార హక్కు కింద ఎవరో అడిగితే గానీ ఈ నివేదిక బయటికి రాలేదు. ఇంత గొప్ప ఆవిష్కరణను గుట్టుగా దాచుకోవడం శాస్త్రవేత్తల వినయానికి గుర్తు.

ఒక పక్కమాట. మన రెండు రాష్ట్రాల్లో ఎల్‌కేజీ పిల్లకు కూడా 'ఐఐటీ ఫౌండేషన్' అని బోర్డు పెట్టి ఫీజు లాగుతున్నారు. ఒకప్పుడు హైదరాబాదు నల్లకుంటలో రామయ్య గారి ఐఐటీ కోచింగులో సీటు కోసం ఇంకెక్కడో కోచింగ్ తీసుకునేవాళ్ళు. ర్యాంకులు వచ్చిన పిల్లల బొమ్మలు ఫ్లెక్సీల మీద, బస్సుల వెనకాల, పేపరు మొదటి పేజీ నిండా. ప్యాకేజీ ఎంతని అడుగుతాం, క్యాంపస్‌లో ఏసీ ఉందా అని అడుగుతాం, కంపెనీలు ఏవి వస్తాయని అడుగుతాం. అక్కడ మన పిల్లకు పాఠం చెప్పేది ఎవరు, ఆ పాఠం చెప్పే కుర్చీలో మన ఊరి పిల్ల ఎప్పటికైనా కూర్చుంటుందా అని ఏ పేరెంట్స్ మీటింగులోనూ విన్న గుర్తు లేదు.

పిల్ల అన్నాను కాబట్టి ఆడవాళ్ళ దగ్గరికి వద్దాం. ఇక్కడ చరిత్ర ఇంకా రుచిగా ఉంటుంది.

1933లో బొంబాయి నుంచి కమలా భాగవత్ అనే అమ్మాయి బీఎస్సీలో మొదటి స్థానం తెచ్చుకుని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పరిశోధనకు దరఖాస్తు పెట్టింది. అక్కడి డైరెక్టర్ సి.వి. రామన్, మన విశాఖపట్నంలో బడి చదువు చదివి, అప్పటికి మూడేళ్ళ కిందట నోబెల్ అందుకున్నవారు. ఆడపిల్లలను చేర్చుకోనన్నారు. ఆ అమ్మాయి వెళ్ళి ఎదురుగా నిలబడి కారణం అడిగింది. చివరికి షరతుల మీద ఒప్పుకున్నారు: ఒక ఏడాది పరీక్షా కాలం, గైడు ఎప్పుడు పని చేయమంటే అప్పుడు, రాత్రయినా సరే, చేయాలి, తన రాకతో ల్యాబులోని మగవాళ్ళ ధ్యాస చెడకూడదు. ఆ చివరి షరతు నాకు భలే నచ్చుతుంది. ఆమ్లాలు ఒలికినా, గాజు గొట్టాలు పేలినా తట్టుకునే ప్రయోగశాల అది; అందులో అన్నిటికన్నా పెళుసైన పరికరం మగవాడి ఏకాగ్రత అని నోబెల్ గ్రహీత స్వయంగా తేల్చారు. ఏడాది తర్వాత ఆమె పని చూసి ఆయన తలుపు తెరిచారు. ఆమె కేంబ్రిడ్జి వెళ్ళి 1939లో పీహెచ్‌డీ తెచ్చుకుంది, కమలా సొహోనీ అయింది. ఇవాళ ఐఐటీ ప్రకటనల్లో 'ప్రొబేషన్ ఒక ఏడాది' అన్న మాట చూసినప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది.

1943లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివి పట్టా పొందిన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత. పద్దెనిమిదేళ్ళకే భర్తను పోగొట్టుకుని, చంటిపాపతో చదువుకు దిగింది. పట్టా కాగితాల మీద 'అతడు' అని అచ్చు వేసి పెట్టుకున్నారు గానీ ఆడపిల్ల ఇంత దూరం వస్తుందని ఎవరూ అనుకోలేదు. కొట్టేసి చేత్తో 'ఆమె' అని దిద్ది ఇచ్చారు. కనీసం దిద్దారు. రామన్ ల్యాబులోనే వజ్రాల మీద పనిచేసి వరసగా పరిశోధనా పత్రాలు వేసిన అన్నా మణికి ఎమ్మెస్సీ లేదన్న సాకుతో మద్రాసు యూనివర్సిటీ పీహెచ్‌డీయే ఇవ్వలేదు.

వీళ్ళంతా పాతకాలం వాళ్ళు, ఇప్పుడలా లేదంటారా? దర్శన్ రంగనాథన్ గురించి చెబుతాను. ఢిల్లీలో పీహెచ్‌డీ, లండన్ ఇంపీరియల్ కాలేజీలో నోబెల్ గ్రహీత డెరెక్ బార్టన్ దగ్గర పరిశోధన. 1970లో సాటి రసాయన శాస్త్రవేత్త రంగనాథన్ గారిని పెళ్ళాడి ఐఐటీ కాన్పూర్ చేరింది. భర్త అక్కడ అధ్యాపకుడు. ఆమె? భార్యాభర్తలిద్దరూ ఒకే సంస్థలో అధ్యాపకులుగా ఉండకూడదని ఒక నియమం ఉంది. ఎక్కడ ఉంది అంటే ఎక్కడా లేదు, ఎవరూ రాయలేదు. రాసిన నియమమైతే కోర్టుకెళ్ళి కొట్టేయించవచ్చు, సవరణ తేవచ్చు. రాయని నియమానికి అంతం ఉండదు. ఆ రాయని నియమం ఎప్పుడూ ఒక వైపే తూగుతుంది: ఇద్దరిలో ఒకరే ఉండాలంటే ఆ ఒకరు ఆయనే. అలా రెండు దశాబ్దాలకు పైగా ఆమె ఫెలోషిప్పుల మీద, ఏ హోదా లేకుండా, అదే క్యాంపస్‌లో పరిశోధన చేసింది. మన శరీరంలో యూరియా తయారయ్యే చక్రాన్ని ప్రయోగశాలలో మళ్ళీ నడిపించి చూపింది. భర్తతో కలిసి రాసిన పుస్తకాలున్నాయి. దేశంలోని సైన్సు అకాడమీలు ఫెలోగా ఎన్నుకున్నాయి. ఇన్ని చేసినా ఆమె పేరు ముందు కాన్పూర్ ప్రొఫెసర్ అని రాసుకునే అవకాశం రాలేదు. చివరికి త్రివేండ్రం మీదుగా 1998లో మన హైదరాబాదు తార్నాకలోని రసాయన పరిశోధనా సంస్థ ఐఐసీటీకి వచ్చి డిప్యూటీ డైరెక్టర్ అయింది. మూడేళ్ళకే, 2001 జూన్ 4న, తన అరవయ్యో పుట్టినరోజు నాడు, రొమ్ము క్యాన్సర్‌తో వెళ్ళిపోయింది.

ఇప్పుడు ప్రభుత్వం చేసిన న్యాయం వినండి. 2020 ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం. రామన్ ఆవిష్కరణ జ్ఞాపకార్థం జరుపుకునే ఆ రోజుకు ఆ ఏడాది పెట్టుకున్న అంశం 'సైన్సులో మహిళలు'. ఆ సందర్భంగా పదకొండు మంది మహిళా శాస్త్రవేత్తల పేర్ల మీద దేశంలోని సంస్థల్లో పదకొండు పీఠాలు, అంటే ఛైర్లు, ప్రకటించారు. అందులో ఒకటి అన్నా మణి పేరు మీద. ఇంకొకటి దర్శన్ రంగనాథన్ పేరు మీద. పీహెచ్‌డీ ఇవ్వని ఆమెకూ ప్రొఫెసర్ పీఠం, కుర్చీ ఇవ్వని ఆమెకూ ప్రొఫెసర్ పీఠం. బతికున్నప్పుడు స్టూలు వేయడానికి చోటు లేదన్నవాళ్ళకు చనిపోయాక సింహాసనాలు ఎక్కడి నుంచి వస్తాయో, రోస్టర్ రిజిస్టర్ చూసే గుమాస్తాను అడగాలి.

ఈలోగా బతికున్నవాళ్ళ లెక్క. బీఎస్సీ చదివేవాళ్ళలో అమ్మాయిలు సగానికి పైనే. సైన్సు, ఇంజనీరింగ్ సంస్థల అధ్యాపకుల్లో ఆడవాళ్ళు ఎందరో తెలుసుకోవడానికి ప్రభుత్వం దగ్గర సరైన చిట్టా లేక, ఇద్దరు యువ శాస్త్రవేత్తలు 'బయాస్‌వాచ్ ఇండియా' అని పెట్టుకుని వెబ్‌సైట్లు తిరగేసి లెక్కపెట్టారు. సుమారు 17 శాతం తేలింది. సభల్లో వేదిక మీద అందరూ మగవాళ్ళే కూర్చున్న ఫొటోలను కూడా బయటపెట్టారు. నిర్వాహకులు నొచ్చుకున్నారు. "జ్యోతి ప్రజ్వలనకు ఆడపిల్లల్నే పిలిచాం కదా" అన్నట్టుంది వాళ్ళ చూపు.

ఐఐటీలు మాత్రం ఊరుకున్నాయా? 2018 నుంచి బీటెక్‌లో అమ్మాయిలకు అదనపు సీట్లు పెట్టాయి. గమనించండి, అదనపు. ఏ అబ్బాయి సీటూ కదలకుండా పక్కన ఇంకో కుర్చీ వేసి కూర్చోబెట్టడం. బెంచీల మీద పిల్లలను అలా పెంచుకుంటూ పోయారు, బోర్డు ముందు నిలబడేవాళ్ళ సంగతి మాత్రం అక్కడే ఉంది. మొదటి ఐఐటీ పుట్టిన 72 ఏళ్ళకు, 2023లో, ఒక ఐఐటీ క్యాంపస్ పగ్గాలు తొలిసారి ఒక మహిళ చేతికి వచ్చాయి. ప్రీతి అఘలయం గారు. ఎక్కడ? ఐఐటీ మద్రాస్ తెరిచిన జాంజిబార్ క్యాంపస్‌లో. ఆడది డైరెక్టర్ కావాలంటే హిందూ మహాసముద్రం దాటాలి. మన భూభాగం మీద అంత తొందర పనికిరాదు. ఇక్కడి క్యాంపస్‌లలో స్త్రీ శక్తికి వేరే ఏర్పాటుంది: మార్చి 8న లేడీస్ క్లబ్బు ముగ్గుల పోటీ, తర్వాత ఒక గులాబీ, ఒక స్టీలు డబ్బా. న్యాయ నిర్ణేత డైరెక్టర్ గారి సతీమణి.

తలుపు తెరిచాక లోపల ఏముంటుందో కూడా చెప్పకపోతే కథ సగమే. ఐఐటీ కాన్పూర్‌లో 2018 జనవరి 1న ప్రత్యేక నియామకాల్లో ఒక దళిత అధ్యాపకుడు ఏరోస్పేస్ విభాగంలో చేరాడు. చేరిన కొద్ది రోజులకే, ప్రమాణాలు తగ్గించి తీసుకున్నారంటూ సీనియర్లు నలుగురు అవమానించారని ఫిర్యాదు చేశాడు. విచారణలు నడుస్తుండగానే ఆయన పీహెచ్‌డీ గ్రంథంలో కాపీ ఉందంటూ పేరు లేని ఈమెయిల్ క్యాంపస్ అంతా తిరిగింది. ఆ గ్రంథం రాయించింది కాన్పూర్, పరీక్షించింది కాన్పూర్, పట్టా ఇచ్చింది కాన్పూర్. డిగ్రీ లాక్కోనక్కరలేదని సంస్థలోని ఎథిక్స్ సెల్ చెప్పినా, 2019 మార్చిలో సెనేట్ లాక్కోవాలనే సిఫారసు చేసింది. అదే భూతద్దంతో ఆ ఏడాది ఇంకెవరెవరి గ్రంథాలు చదివారని అడగకండి. పెద్దవాళ్ళకు చాలా పనులుంటాయి.

బయటి దేశాల్లోనూ ఇంతేగా అని ఓదార్చుకోవచ్చు. కొంత నిజమే. అమెరికాలో ఎంఐటీ సైన్సు విభాగాల్లో 1994 నాటికి శాశ్వత హోదా ఉన్న మగ ప్రొఫెసర్లు 194 మంది, ఆడవాళ్ళు 15 మంది. అందులో ఒకావిడ, జీవశాస్త్రవేత్త నాన్సీ హాప్కిన్స్, చేపల తొట్లకు ఇంకొంచెం చోటు కావాలంటే ఇవ్వలేదు. ఆమె అరిచి గోల చేయలేదు. టేపు పట్టుకుని రాత్రిపూట ల్యాబులన్నీ కొలిచింది. ఎవరికెన్ని అడుగులో కాగితం మీద పెట్టింది. 1999లో ఎంఐటీ తప్పు ఒప్పుకుని నివేదిక అచ్చువేసింది. మన దగ్గర ఎవరైనా టేపు తీస్తే ముందు ఆ టేపుకు ఇండెంట్ ఎవరు పెట్టారని విచారణ మొదలవుతుంది.

అమెరికా అన్నాక అక్కడి మనవాణ్ణి తలుచుకోకపోతే పాపం. గుంటూరులో ఇంటర్, మద్రాసులో బీటెక్, ఇప్పుడు ఒక పెద్ద యూనివర్సిటీలో ఇంజనీరింగ్ ప్రొఫెసర్. 1990లో మండల్ అన్న మాట వినగానే హాస్టల్ ముందు బూట్లు పాలిష్ చేసే నిరసనలో కూర్చున్నవాడు. ప్రతిభ తప్ప ఇంకేదీ చూడకూడదని ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే పోస్టు పెడతాడు. అదే మనిషి అక్కడి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు, వైవిధ్యానికి తన వంతు ఏమిటో రాయమంటే రెండు పేజీలు కన్నీళ్ళతో రాశాడు: గోధుమ రంగు చర్మం, వంకర ఉచ్చారణ, చిన్న ఊరు, కరెంటు పోయే రాత్రులు. తాతగారి అరవై ఎకరాలు రాయడానికి మూడో పేజీ ఇవ్వలేదు వాళ్ళు. సైన్సు, ఇంజనీరింగ్‌లో ప్రాతినిధ్యం తక్కువున్నవాళ్ళ జాబితాలో నల్లవాళ్ళనూ, హిస్పానిక్‌లనూ, మూలవాసులనే గానీ ఆసియా వాళ్ళను అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ లెక్కించదు. ఆ చిన్న సంగతి తెలిసీ డైవర్సిటీ కమిటీకి ఛైర్మన్ అయ్యాడు. బోస్టన్‌లో వైవిధ్యం, బేగంపేటలో మెరిట్. విమానం దిగగానే గడియారం మార్చుకున్నంత సులువుగా మార్చుకుంటాడు.

2024 మేలో ఎంఐటీ ఆ రెండు పేజీల స్టేట్‌మెంట్ అడగడం మానుకుంది. మిగతా చోట్లా అదే గాలి వీస్తోంది. మనవాడు దిగులు పడ్డాడు గానీ ఎంతోసేపు కాదు. చిన్న ఊరు, కరెంటు పోయే రాత్రులు అన్న భాగాన్ని అలాగే ఉంచి, చివర 'అయినా నేనెవరినీ కోటా అడగలేదు' అన్న వాక్యం ఒకటి తగిలించి, వచ్చే నెల హైదరాబాదులో జరిగే పూర్వ విద్యార్థుల సభకు కీలకోపన్యాసంగా పంపించాడు.